గాజులోని రెండు దోషాలు

ఫైబర్ లేజర్ తయారీ చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది. నాలుగు మీటర్ల ఆప్టికల్ ఫైబర్ తీసుకుంటారు. అందులో ఓ మీటరు ముక్క మాత్రం ప్రత్యేకం. దాని గాజులో ఎర్బియం అనే మూలకం కొద్దిగా కలిసి ఉంటుంది. ఇంటర్నెట్ కేబుల్ తెగినప్పుడు వచ్చి అతికించే కుర్రాళ్ల దగ్గరుండే స్ప్లైసింగ్ మిషన్‌లాంటి దానితోనే ముక్కలన్నీ అతికించి, రెండు కొసలూ కలిపి ఒక చుట్టుగా చేస్తారు. 980 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న పంపు లేజర్ నుంచి అందులోకి శక్తి అందిస్తారు. ఆ వెలుగు కంటికి కనిపించదు. కానీ గదిలో లైటు ఆర్పేస్తే ఎర్బియం ఉన్న ముక్క పొడవునా పచ్చగా మెరుస్తుంది. మొదటిసారి చూసినవాళ్లు అదే లేజర్ కాంతి అనుకుంటారు. ఎర్బియం అయాన్లు మోతాదుకు మించి శక్తి మింగి, దాన్ని వదిలించుకునేటప్పుడు చిందే వెలుగు అది. లేజర్‌కు కావలసిన కాంతి 1550 నానోమీటర్ల దగ్గర, పరారుణంలో, ఏమీ కనబడకుండా చుట్టు తిరుగుతూ బలపడుతుంటుంది.

గాజులో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే నాలుగు మీటర్ల చుట్టు తిరగడానికి 20 నానోసెకన్లు, సెకనుకు ఐదు కోట్ల చుట్లు. ఇంతవరకూ వచ్చేది ఆగకుండా వెలిగే మామూలు లేజరే. దాని కాంతి మొత్తాన్నీ ఒకచోటికి కుదించి, చుట్టులో ఒకే ఒక్క పల్స్, అంటే కాంతి తునక, పరుగెత్తేలా చేస్తే అప్పుడది అల్ట్రాఫాస్ట్ లేజర్ అవుతుంది. ఆ పల్స్ నిడివి 100 ఫెమ్టోసెకన్లు అనుకుందాం. సెకనును పది లక్షల కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్క. ఆ వ్యవధిలో కాంతి కూడా గాజులో 20 మైక్రోమీటర్లకు మించి కదలలేదు. నాలుగు మీటర్ల దారిలో వెలుగున్న చోటు అంతే, మిగతాదంతా చీకటి.

అంత చిన్న పల్స్ ఒకే రంగు కాంతితో తయారుకాదు. పల్స్ ఎంత పొట్టిదైతే అన్ని ఎక్కువ రంగులు దానిలో ఉండాలి. 100 ఫెమ్టోసెకన్ల పల్స్‌కు 1550 దగ్గర కనీసం పాతిక నానోమీటర్ల వెడల్పున రంగులు కావాలి. అవి ఉంటే సరిపోదు, ఒకదానితో ఒకటి లయ కలవాలి కూడా. భజనలో ఎవరికి తోచినట్టు వాళ్లు తాళాలు వాయిస్తే గోలే మిగులుతుంది. అందరి దెబ్బా ఒకే క్షణంలో పడితే ఒక్క ఝల్లు, ఆపైన నిశ్శబ్దం. లేజర్‌లో ఇలా లయ కలపడాన్ని మోడ్ లాకింగ్ అంటారు.

ఎవరు కలుపుతారు ఆ లయ? గాజే కలుపుతుంది. ఇది నాకు ఎప్పటికీ పాతబడని విషయం.

గాజుకు రెండు దోషాలున్నాయి. మొదటిది విక్షేపణం. రంగు మారితే గాజులో వేగం మారుతుంది. మామూలు టెలికాం ఫైబర్‌లో, అంటే మన ఊళ్లలో కరెంటు స్తంభాల మీదుగా ఇళ్లకు వస్తున్న తరహా ఫైబర్‌లో, 1550 దగ్గర ఒక్క నానోమీటరు రంగు తేడాకు కిలోమీటరుకు దాదాపు 17 పికోసెకన్ల ఎడం వస్తుంది. పికోసెకను అంటే వెయ్యి ఫెమ్టోసెకన్లు. మన 100 ఫెమ్టోసెకన్ల పల్స్‌లో పాతిక నానోమీటర్ల రంగులున్నాయి కాబట్టి, కిలోమీటరు పోయేసరికి అది 400 పికోసెకన్లు దాటి సాగిపోతుంది. నాలుగు వేల రెట్లు! సమాచారం పంపే ఇంజినీర్లకు ఇది పీడ. ముందు పల్స్ తోక వెనక పల్స్ తల మీద పడితే ఒకటి ఏదో సున్నా ఏదో తెలియదు.

రెండో దోషం 1875లో స్కాట్లాండ్ శాస్త్రవేత్త జాన్ కెర్ విద్యుత్ క్షేత్రాలతో చేసిన ప్రయోగాల్లో బయటపడ్డ ధర్మానికి చుట్టం. కాంతి తీవ్రంగా ఉంటే అది తాను పోతున్న గాజునే మారుస్తుంది, గాజు కాంతిని ఎంత నెమ్మదింపజేస్తుందో చెప్పే వక్రీభవన గుణకం కాస్త పెరుగుతుంది. ఎంత కాస్తో లెక్క వేసి చూద్దాం. మన లేజర్ సగటు శక్తి 100 మిల్లీవాట్లు. దాన్ని ఐదు కోట్ల పల్స్‌లకు పంచితే ఒక్కోదానికి 2 నానోజౌల్స్, అంటే ఏమీ లేనట్టే. కానీ ఆ కాస్త శక్తీ 100 ఫెమ్టోసెకన్లలో వచ్చి పడుతుంది కాబట్టి ఆ క్షణాన శక్తి 20 కిలోవాట్లు. అది ఇరుక్కుని పోయే దారి వ్యాసం పది మైక్రోమీటర్లు. అయినా గుణకంలో వచ్చే మార్పు లక్షలో ఒక వంతు కూడా ఉండదు. కిటికీ అద్దంలోనైతే ఎవరూ పట్టించుకోరు. ఫైబర్‌లో కాంతి పక్కకు చెదరకుండా మీటర్ల తరబడి అంతే ఇరుకులో పోతుంది కదా, ఆ చిన్న మార్పే పోగవుతూ వస్తుంది. పల్స్ తీరు మారకుండా ఉంటే ఒక్క మీటరులోనే దాదాపు నాలుగు తరంగాల తేడా వస్తుంది. ఒక కాంతి ఇంకో కాంతిని రద్దు చేయడానికి అర తరంగం తేడా చాలు.

ఈ కెర్ ప్రభావంతోనే మోడ్ లాకింగ్ జరుగుతుంది. కాంతి తీవ్రతను బట్టి దాని ధ్రువణం, అంటే తరంగం ఊగే దిశ, తిరిగే కోణం మారుతుంది. చుట్టులో ఒక దిశలో ఊగే కాంతినే వదిలే పోలరైజర్ పెట్టి, బలమైన కాంతికి మాత్రం దారి ఇచ్చి, నీరసమైనదాన్ని ఆపేస్తే చాలు. ఎక్కడో యాదృచ్ఛికంగా లేచిన చిన్న శిఖరం ప్రతి చుట్టుకూ లాభపడుతుంది, మిగతా కాంతి ప్రతి చుట్టుకూ నష్టపోతుంది. కొన్ని వేల చుట్లకు శిఖరమే మిగులుతుంది. ప్రయోగశాలలో ఇది చేసేవాళ్లు ఫైబర్‌ను మూడు చిన్న తెడ్లలాంటి వాటికి చుట్టి, వాటిని ఒక్కో డిగ్రీ అటూ ఇటూ తిప్పుతూ, సంకేతాల్ని గీతలుగా చూపే ఆసిలోస్కోప్ తెర వైపే చూస్తుంటారు. గంటసేపు తెర మీద గజిబిజి గీతే ఉండొచ్చు. ఒక కోణం దగ్గర హఠాత్తుగా 20 నానోసెకన్లకొకటి చొప్పున, దువ్వెన పళ్లలా, పల్స్‌లు నిలబడతాయి. ఆ క్షణంలో టేబుల్ దగ్గర ఎవరూ ఫైబర్‌ను ముట్టుకోరు. వేలు తగిలినా, గది వేడి మారినా ధ్రువణం జారి మళ్లీ మొదటికొస్తుంది. అందుకే అమ్మకానికి వచ్చే లేజర్లలో ధ్రువణాన్ని కదలనివ్వని ప్రత్యేక ఫైబర్ వాడతారు. కొన్నింటిలో అర్ధవాహక అద్దాలూ, కార్బన్ నానోట్యూబులూ పెట్టి ఆ పని చేయిస్తారు.

ఇక దోషానికి దోషం విరుగుడైన కథ. 1834లో ఎడిన్‌బరో దగ్గర కాలువలో గుర్రాలు లాగుతున్న పడవ చటుక్కున ఆగినప్పుడు, దాని ముందు నుంచి ఒక్క నీటి అల విడివడి, ఆకారం చెదరకుండా పోవడాన్ని జాన్ స్కాట్ రసెల్ చూశాడు. గుర్రం మీద మైలు పైగా దాని వెంట పోయాడు కూడా. గాజులోనూ అలాంటి అల సాధ్యమని 1973లో అమెరికా పరిశోధన సంస్థ బెల్ ల్యాబ్స్‌లో అకిరా హసెగావా, ఫ్రెడ్ టాపర్ట్ లెక్క కట్టారు. 1550 దగ్గర విక్షేపణం నీలి వైపు రంగుల్ని ముందుకు తోస్తుంది. కెర్ ప్రభావం పల్స్ ముందు భాగంలో ఎరుపు వైపు రంగుల్నీ, వెనక భాగంలో నీలి వైపు రంగుల్నీ పుట్టిస్తుంది. వెనకున్నది వేగంగా వస్తుంది, ముందున్నది నెమ్మదిస్తుంది, పల్స్ విచ్చుకోకుండా నిలుస్తుంది. దానికే సాలిటాన్ అని పేరు. అప్పటికి అందుకు తగ్గ ఫైబరూ లేదు, లేజరూ లేదు. 1980లో అదే సంస్థలో లిన్ మొలెనావర్ బృందం 700 మీటర్ల ఫైబర్‌లో దాన్ని పట్టి చూపించింది. మనం పైన కట్టిన లేజర్‌లో తిరుగుతున్నదీ ఈ కోవదే.

ఫైబర్ లేజర్ పుట్టుక ఇంకా పాతది. 1960లో మైమన్ మొదటి లేజర్ వెలిగించాక, మరుసటి ఏడాదే అమెరికాలో ఎలియాస్ స్నిట్జర్ గాజు పోగును లేజర్‌గా మార్చాడు. దాన్ని పాతికేళ్ల దాకా పెద్దగా ఎవరూ వాడుకోలేదు. 1987లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో డేవిడ్ పేన్ బృందం, బెల్ ల్యాబ్స్‌లో ఎమాన్యుయెల్ డెసర్వైర్ ఎర్బియం ఫైబర్‌తో కాంతిని కాంతిగానే పెంచి చూపించాక సముద్రగర్భ కేబుళ్ల తీరే మారిపోయింది. టెలికాం కోసం లక్షల్లో తయారైన ఆ భాగాలే అల్ట్రాఫాస్ట్ లేజర్ల ధరను నేలకు దించాయి. మన దేశంలో కోల్‌కతాలోని కేంద్ర గాజు, సెరామిక్ పరిశోధన సంస్థ ఇలాంటి ఫైబర్లు తయారుచేస్తుంది.

విక్షేపణాన్ని పనిముట్టుగా మార్చిన వాళ్లలో నాకు మొదట గుర్తొచ్చేది డోనా స్ట్రిక్‌లాండ్. బలమైన పల్స్‌ను ఇంకా పెంచబోతే అది యాంప్లిఫయర్‌నే కాల్చేస్తుంది. 1985లో అమెరికాలోని రోచెస్టర్‌లో, పరిశోధక విద్యార్థినిగా, ఆమె తన గురువు జెరార్ మూరూతో కలిసి పల్స్‌ను 1.4 కిలోమీటర్ల ఫైబర్‌లోంచి పంపి సాగదీసింది. సాగిన పల్స్ శిఖరం తగ్గుతుంది, భయం లేకుండా పెంచుకోవచ్చు. ఆ తర్వాత, రంగుల్ని విడదీసే సన్నటి గీతల పలకలైన గ్రేటింగ్‌లతో రంగుల్ని మళ్లీ దగ్గరకు చేర్చితే మొదటికన్నా ఎన్నో రెట్లు బలమైన పల్స్ బయటికొస్తుంది. 2018లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. భౌతికశాస్త్రంలో ఆ బహుమతి అందుకున్న మూడో మహిళ ఆమె.

ఆ ఫలితం ఇవాళ మన నగరాల కంటి ఆసుపత్రుల బోర్డుల మీద 'బ్లేడ్ లేని లాసిక్' అని కనిపిస్తుంది. లాసిక్ అంటే చూపు సరిదిద్దే లేజర్ ఆపరేషన్. కంటి ముందు పొర అయిన కార్నియా పారదర్శకం, మామూలుగా కాంతిని అడ్డుకోదు. ఫెమ్టోసెకను పల్స్‌ను దాని లోపల పదో వంతు మిల్లీమీటరు లోతున కేంద్రీకరిస్తే, ఆ బిందువు దగ్గర మాత్రమే తీవ్రత హద్దు దాటి కణజాలం చిన్న బుడగగా విడిపోతుంది. వేడి పక్కకు పాకేలోపు పల్స్ అయిపోతుంది. ఆ బిందువు పైనున్న పొర చెక్కుచెదరదు. లాసిక్‌లో ఈ లేజర్ పని మూత లాంటి పొరను విడదీయడం వరకే, ఆ తర్వాత కార్నియాను చెక్కేది అతినీలలోహిత లేజర్. ఆపరేషన్‌కు వెళ్లేవాళ్లు రెండూ ఒకటేననుకుంటారు, అందుకే చెబుతున్నాను. ఈ ఆలోచన వచ్చింది 1990లలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో. ఒక ప్రయోగంలో ఫెమ్టోసెకను కాంతి పొరపాటున ఒకరి కంట్లో పడింది. పరీక్షించిన యువ డాక్టర్ రాన్ కర్ట్జ్‌కు లోపల కాలిన మచ్చలు విస్తుపోయేంత కచ్చితంగా కనిపించాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఇదే జాతి పల్స్‌లతో పేలుడు పదార్థాల జాడ పట్టే పరిశోధన చాలా ఏళ్లుగా సాగుతోంది.

సిగ్నల్ ప్రాసెసింగ్, అంటే సంకేతాల్ని చదివి పనికొచ్చేలా మలిచే పని, విషయానికి వస్తే, పల్స్‌ను పుట్టించడం ఒక ఎత్తు, దాన్ని చూడటం ఇంకో ఎత్తు. ఎలక్ట్రానిక్స్‌కు 100 ఫెమ్టోసెకన్లు అందవు. ఎంత ఖరీదైన ఆసిలోస్కోప్ అయినా కొన్ని పికోసెకన్ల దగ్గర చేతులెత్తేస్తుంది. స్పెక్ట్రోమీటర్ రంగుల్ని చూపిస్తుంది గానీ, లక్షల పల్స్‌ల సగటు చూపిస్తుంది. వరసలో ఒక్క పల్స్ తేడాగా ఉంటే కనిపించదు. దీనికి బహ్రామ్ జలాలీ లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పెంచిన ఉపాయం టైమ్ స్ట్రెచ్. అందులో పరికరం అంటే ఒక ఫైబర్ చుట్టే. మన పల్స్‌ను ఐదు కిలోమీటర్ల మామూలు ఫైబర్‌లోకి వదలండి. పాతిక నానోమీటర్ల రంగులు రెండు నానోసెకన్ల పొడవున వరసగా పరుచుకుంటాయి. ముందు నీలి వైపువి, చివర ఎరుపు వైపువి. 50 పికోసెకన్లు చదవగల మామూలు డిటెక్టర్ పెడితే, అర నానోమీటరు పైచిలుకు కచ్చితత్వంతో ఆ ఒక్క పల్స్ వర్ణపటమే తెర మీదికొస్తుంది. తర్వాతి పల్స్ 20 నానోసెకన్ల తర్వాత గానీ రాదు కాబట్టి ఒకదాని మీద ఒకటి పడవు. సెకనుకు ఐదు కోట్ల వర్ణపటాలు, ఒక్కటీ వదలకుండా! అయిదు కిలోమీటర్లలో పోయే కాంతి ఐదో వంతు మాత్రమే.

ఈ కిటికీ తెరుచుకున్నాక కనిపించినవి ఊహకు అందనివి. 2007లో ఇదే పద్ధతితో, ఒకేలా మొదలైన వేల పల్స్‌ల్లో ఎప్పుడో ఒకసారి సముద్రంలో లేచే రాక్షస అలలాంటి పల్స్ లేవడం చూశారు. 2016లో జర్మనీలోని గోటింగెన్ పరిశోధకులు ఒక లేజర్‌లో మోడ్ లాకింగ్ పుట్టే ఘట్టాన్ని చుట్టు తర్వాత చుట్టుగా రికార్డు చేశారు. వాళ్లది ఫైబర్‌కు బదులు స్ఫటికంతో పనిచేసే టైటానియం సఫైర్ లేజర్. ఆ తర్వాత ఫైబర్ లేజర్లలోనూ అదే చూశారు. శిఖరాలు పోటీ పడటం, ఒకటి గెలవడం, రెండు సాలిటాన్లు జంటగా ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఊగడం, అంతా కనిపించింది. అంతకుముందు అది సమీకరణాల్లో ఊహించుకున్న దృశ్యం మాత్రమే. జలాలీ బృందమే 2009లో దీన్ని కెమెరాగా మలిచి సెకనుకు 60 లక్షల ఫ్రేములు తీసింది. గొట్టంలో జారిపోతున్న రక్తకణాల్ని ఒక్కొక్కటిగా చూసే పరికరాలకు అది దారి తీసింది.

కాంతితోనే కాంతిని నడిపే స్విచ్‌లదీ పెద్ద చరిత్రే. 1988లో డోరన్, వుడ్ చూపిన ఫైబర్ వలయపు అద్దంలో కాంతి రెండుగా చీలి ఎదురెదురుగా తిరిగి వస్తుంది. బలహీనమైతే వచ్చిన దారినే వెనక్కి పోతుంది, బలంగా ఉంటే కెర్ ప్రభావం వల్ల అవతలి వైపు తేలుతుంది. ఒక రంగు మీదున్న సమాచారాన్ని ఇంకో రంగు మీదికి మార్చడం కూడా ఫైబర్‌లో కుదురుతుంది. ఇంటర్నెట్ మొత్తం ఇలా కాంతితోనే నడుస్తుందని 1990లలో గట్టిగా నమ్మారు. అది జరగలేదు. సిలికాన్ చిప్‌లు విక్షేపణాన్ని లెక్కలతోనే సరిదిద్దడం నేర్చాయి, చవగ్గా చేశాయి. నా ఉద్దేశంలో ఆ ఓటమి ఈ రంగానికి మేలే చేసింది. ఎలక్ట్రానిక్స్ చేయగలిగిన పనికోసం దానితో పోటీ మాని, అది ముట్టుకోలేని మొదటి కొన్ని పికోసెకన్లలోకి కాంతి వెళ్లింది. కాంతి అందుకుని సాగదీస్తే, చిప్ నింపాదిగా చదువుకుంటుంది.

ఇప్పుడు గాజునే తప్పించే ఫైబర్లు వచ్చాయి. నడుమ బోలుగా ఉండి కాంతి గాలిలోనే పోయే ఫైబర్‌లో, కిలోమీటరుకు 0.1 డెసిబెల్ కన్నా తక్కువ నష్టాన్ని 2025లో సౌతాంప్టన్ బృందం ప్రకటించింది. మంచి గాజు ఫైబర్‌లో కూడా అది 0.14 దగ్గర ఆగింది. బోలు ఫైబర్‌లో కెర్ ప్రభావం దాదాపు లేదు కాబట్టి చుట్టులో మోడ్ లాకింగ్‌కు అది పనికిరాదు. కానీ గాజును చీల్చేంత బలమైన పల్స్‌ను చెక్కు చెదరకుండా మోస్తుంది. కర్మాగారాల్లో లోహాన్ని చెక్కే యంత్రాలకు పల్స్‌ను యిటర్బియం (ఎర్బియం లాంటి ఇంకో మూలకం) కలిసిన గాజు పుట్టించి, పనిచేసే చోటికి బోలు ఫైబర్ చేరవేసే ఏర్పాట్లు ఇప్పటికే అమ్మకానికున్నాయి.