మండువా కారుతోంది: డెల్టాలో పెద్దవాళ్ల ఇల్లు, ఖర్చు, దస్తావేజుల వెనక కథ

పోయిన వానాకాలం మా పెద్దమ్మగారింట్లో మండువా, అంటే నాలుగు వైపులా వాలు కప్పుండి మధ్యలో ఆకాశం కనపడే నడిమి భాగం, ఈశాన్యం మూల కారడం మొదలైంది. రెండు వాలుల నీళ్లు కలిసే చోట రేకు తూము తుప్పు పట్టి చిల్లులు పడింది. వడ్రంగి మేస్త్రి నిచ్చెన వేసుకుని ఎక్కి, వేలి కణుపులతో దూలాన్ని కొట్టి చూశాడు. "పైకి బానే ఉందండి, లోపల గుల్లయిపోయిందండి" అన్నాడు. పెంకు దించి, చెదపట్టిన వాసాలు మార్చి, మళ్లీ కప్పడానికి అతను చెప్పిన అంకె పెద్దమ్మకి ఏడాదికొచ్చే కౌలు కంటే ఎక్కువ. ఆవిడకి 78 ఏళ్లు, పెద్దనాన్న లేరు. "అంత డబ్బు ఒక్కసారే ఎక్కణ్ణించి తేనురా?" అని నన్నడిగింది.

అమలాపురం చుట్టుపక్కల, భీమవరం పల్లెల్లో, ఏ వీధికెళ్లినా ఇదే ప్రశ్న వినపడుతుంది. పెద్దవాళ్లు దాచుకోలేదనో, పిల్లలు చూడట్లేదనో మనం తేల్చేస్తాం. నాకు మాత్రం ఈ చిక్కు అంతకంటే చాలా పాతదనిపిస్తుంది.

1832-33 కరువు తర్వాత, కాటన్ దొర 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాడు. కాలవలొచ్చాయి, మెట్ట మాగాణి అయింది, కాలక్రమంలో సార్వా (వానాకాలం పంట) మీద దాళ్వా (రెండో పంట) కూడా పండింది. ఆ ధాన్యం డబ్బే మండువా లోగిళ్లయింది. ఎగువ అడవుల టేకు తెప్పలు కట్టి గోదావరి మీద దిగేది. గానుగ సున్నం గోడలు, నాలుగు వైపులా వాలు, మధ్యలో ఆకాశం. ఆ ఇల్లు కట్టినవాళ్లు ఇద్దరు ముసలివాళ్ల కోసం కట్టలేదు. నలుగురు అన్నదమ్ములు, వాళ్ల సంసారాలు, పాలేర్లు, వచ్చేపోయేవాళ్ల కోసం కట్టారు. దాని మరమ్మతుకీ విడిగా డబ్బు తీసేవారు కాదు. ఏటా చినుకు పడకముందే ఇంట్లో పనివాళ్లే పెంకు సర్దేవారు. వడ్రంగికి ఏడాది పనికి కూలిగా కళ్లంలో మేర, అంటే ధాన్యంలో వాటా, కొలిచేవారు. ఆ మేర మీద బతికినవాళ్ల చాకిరీకి సరైన విలువ కట్టలేదన్నది నిజం. ఇప్పుడు వాళ్ల మనవలకి రోజు కూలి వస్తోంది, అది న్యాయం. కాని అప్పట్లో ధాన్యంతో జరిగిపోయిన పని ఇప్పుడు రొక్కంతోనే జరగాలి. ఇల్లు మాత్రం ఆనాటి సైజులోనే ఉంది.

ముసలితనానికి ఆనాటి ఏర్పాటు ఒకటే: కొడుకు. భర్త పోయిన ఆడమనిషికి మనోవర్తి కింద నాలుగు బస్తాలో, ఓ చెక్క పొలమో రాసేవారు. ఆ పొలాన్ని తినొచ్చు, అమ్మకూడదు. 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ఆ అడ్డు తీసేసింది. అయినా దాన్ని ఎలా చదవాలన్న తగాదా ఏళ్లతరబడి నడిచింది. చివరికి 1977లో, ఆంధ్రా నుంచే వెళ్లిన తులశమ్మ కేసులో, మనోవర్తి కింద దక్కిన ఆస్తి ఆవిడ సొంతమేనని సుప్రీంకోర్టు తేల్చింది. మన పక్క పాత ఇళ్లలో ఈ సంగతి తెలియకుండానే పోయిన ముత్తవ్వలు ఎంతమందో.

తర్వాతది వాటాల కథ. 1973లో భూపరిమితి చట్టం వచ్చింది. పంపకాల్లో పొలాలు ఎకరాలకీ, అరెకరాలకీ దిగిపోయాయి. మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకి కూడా ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా వచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు 2005లో గాని రాలేదు. అది రావలసిన హక్కే. ఆడపిల్లకి పసుపు కుంకుమ కింద అరెకరం పడేసి చేతులు దులుపుకునే రోజులు పోవాల్సిందే. చిక్కల్లా పొలాన్ని పంచినంత తేలిగ్గా మండువాని పంచలేకపోవడంలో ఉంది. చాలాచోట్ల ఇల్లు కాగితం మీద ఉమ్మడిగానే ఉండిపోయింది. పెద్దమ్మ ఇంటికి ఆరు సంతకాలు కావాలి. ఆరుగురి ఇంటికి పెంకు ఎవరు కొంటారు?

మండువా వద్దనుకుని ఎనభైల్లో డాబా వేసినవాళ్లదీ ఇప్పుడు ఇదే గోల. సముద్రపు ఉప్పుగాలి, ఎప్పుడూ చెమ్మగా ఉండే నేల. లోపల ఊచ తుప్పు పట్టి ఉబ్బితే పైన సిమెంటు పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది.

ఇక రాబడి. 1996 నవంబరు 6 తుఫాను కోనసీమ కొబ్బరిని నేలమట్టం చేసింది. మళ్లీ నాటిన మొక్క నిండు కాపుకి రావడానికి ఏళ్లు పడుతుంది. అప్పటికి యాభై ఏళ్లున్న రైతుకి ఆ నష్టం ముసలితనందాకా వెంటొచ్చింది. 2011లో పెట్టుబడి కూడా రావట్లేదని కోనసీమ రైతులు సార్వా వేయకుండా పంట విరామం ప్రకటించారు. సొంత సేద్యం వదిలి కౌలుకివ్వడం మామూలైపోయింది. లెక్క వేసి చూడండి. రెండెకరాలకి, రెండు పంటల మీద, ఎకరానికి 25 బస్తాలు కౌలు వస్తుందనుకుందాం. 2025-26 మద్దతు ధర క్వింటాలుకి 2,369 రూపాయలు, అంటే 75 కిలోల బస్తా దాదాపు 1,777. ఏడాదికి 89 వేలు, నెలకి 7,400. అదీ గాలివానా ముంపూ లేకపోతేనే, అదీ ఏడాదికి రెండుసార్లే. మందులూ కరెంటు బిల్లూ నెలనెలా వస్తాయి. 2024 జూలై నుంచి 4,000 అయిన వృద్ధాప్య పింఛను చాలా ఇళ్లలో నెల మొదట్లో చేతిలో పడే ఒకే ఒక్క రొక్కం.

పిల్లలు హైదరాబాదు వెళ్లారు, అమెరికా వెళ్లారు. కొన్ని ఇళ్లలో ఆడవాళ్లు కువైట్‌లో పనికెళ్లి డబ్బు పంపిస్తున్నారు. ఈ టెన్షన్లన్నీ ఎందుకని, బతికుండగానే ఆస్తి రాసిచ్చేసే పెద్దవాళ్లు మన పక్క ఎక్కువ. దాన సెటిల్‌మెంటు దస్తావేజులో ప్రేమాభిమానాల చేత ఇస్తున్నామని రాస్తారు. చూసుకోవాలన్న షరతు మాత్రం రాయించరు, కన్నబిడ్డ దగ్గర షరతేమిటని మొహమాటం. 2007 తల్లిదండ్రుల పోషణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం, చూసుకుంటామని పుచ్చుకుని చూసుకోకపోతే ఆ దస్తావేజు రద్దు చేయించొచ్చు. కాని ఆ షరతు ఉందని చూపించాలని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు అంది. 2025 జనవరిలో మరో తీర్పు ఆ చట్టాన్ని పెద్దవాళ్ల వైపు ఉదారంగా చదవాలనీ, ఆ చట్టం కింద విచారించే ట్రిబ్యునల్ ఆస్తిని తిరిగి స్వాధీనం కూడా చేయించొచ్చనీ చెప్పింది. అయినా కోర్టు దయ మీద వదలొద్దు. పోషణ షరతూ, బతికున్నంతకాలం ఆ ఇంట్లో ఉండే హక్కూ దస్తావేజులోనే రాయించండి. ఇది పిల్లల మీద అనుమానం కాదు. మంచి కొడుక్కి ఆ రెండు వాక్యాల వల్ల పోయేదేమీ లేదు.

మరో మొహమాటం ఉంది, అది ఇంకా లోతుగా పాతుకుపోయింది. "పొలం అమ్ముకుని తింటున్నాడు" అన్నది మన దగ్గర తిట్టు. ఆ మాటకి భయపడి మందులు మానేసినవాళ్లని నేను చూశాను. ఏ పూర్వీకుడు సంపాదించినా ఆ పొలం ఇంట్లోవాళ్ల కడుపు నిండడానికే కదా. పోస్టాఫీసు, బ్యాంకుల్లో సీనియర్ సిటిజన్ల పొదుపు పథకం 2004 నుంచీ ఉంది. 60 దాటినవాళ్లు 30 లక్షల వరకూ వేసుకోవచ్చు. 2023 ఏప్రిల్ నుంచి ఇచ్చిన 8.2 శాతం వడ్డీ ప్రకారం పది లక్షలకి మూడు నెలలకోసారి 20,500 వస్తుంది. తెలిసినవాళ్లకి ప్రోనోటు మీద రెండు రూపాయల వడ్డీకిచ్చి, మూడేళ్లు దాటాక నోటు చెల్లదని తెలిసి ఏడవడం కంటే ఇది వెయ్యి రెట్లు నయం. ఇల్లు తాకట్టు పెట్టి బ్యాంకు నుంచే నెలనెలా డబ్బు తీసుకునే రివర్స్ మార్ట్‌గేజ్ 2007 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. అది సొంతంగా సంపాదించుకున్న ఇంటికే, పంచుకోని తాతల మండువాకి కుదరదు.

పెద్దమ్మ ఆఖరికి అరెకరం బేరం పెట్టింది. ఆ చెక్క పెద్దనాన్న ఆవిడ పేరనే కొన్నది, ఎవరి సంతకమూ అక్కర్లేదు. ఇంటి పంపకానికి ఐదు సంతకాలు అయ్యాయి. ఆరోది డల్లాస్‌లో ఉన్న మా చిన్నన్నయ్యది. కాన్సులేట్‌లో ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ వచ్చింది, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. దక్షిణం పక్క నాలుగు గదుల మీద పెంకు దింపేసి, బాగున్న వాసాలు ఇటు వాడేయమని ఆవిడే మేస్త్రికి చెప్పింది. దాళ్వా కోతలయ్యాక పని మొదలుపెడతానన్నాడు. ఈశాన్యం మూల ఇత్తడి గంగాళం ఇంకా తూము కిందే ఉంది.