మెక్సికో పల్లెలో పిట్టలు: ప్రతి ట్రిప్పులో నాకు ఎదురయ్యే అపోహలు

వహాకా నగరం నుంచి 30 కిలోమీటర్లు వెళ్తే తియోతిత్లాన్ దెల్ వాయె వస్తుంది. మగ్గాలకు పేరుపడ్డ ఊరు, అక్కడి మూలవాసులైన జపోతెక్ జనాలది. పక్షులు చూడాలనుకునే వాళ్లను పొద్దున్నే బండెక్కించి అక్కడికి తీసుకెళ్తుంటాను. దారిలో వినపడే మాటలు ఎప్పుడూ ఇవే.

అపోహ: మెక్సికో అంటే దట్టమైన అడవి, రంగురంగుల చిలకలు.

వాస్తవం: ఈ ఊరు దాదాపు 1,700 మీటర్ల ఎత్తున, ఎండు లోయలో ఉంది. చుట్టూ ముళ్లపొదలు, స్తంభాల్లా నిలబడ్డ కాక్టస్‌లు. మేం వెతికేవి ఎక్కువగా గోధుమరంగు, బూడిదరంగు పిట్టలే. మొదటి గంటలో కొందరి మొహాలు వాడిపోతాయి. కాక్టస్ కాండంలో తొర్ర చేసుకునే గ్రే బ్రెస్టెడ్ వడ్రంగి పిట్ట, కడుపు నిండా చుక్కలున్న బౌకార్డ్స్ రెన్, ఎండుటాకుల్ని కాళ్లతో గీరుతూ తిరిగే వైట్ త్రోటెడ్ టోహీ. ఈ మూడూ మెక్సికో దాటి ప్రపంచంలో ఇంకెక్కడా ఉండవు. ఆ మాట చెప్పాక బైనాక్యులర్స్ మళ్లీ పైకి లేస్తాయి. చిలకలు కావాలంటే వేరే ట్రిప్పు.

అపోహ: ఫోన్‌లో కూత వినిపిస్తే పిట్ట దానంతటదే వస్తుంది.

నిజమే, వస్తుంది. అందుకే వద్దంటాను. తన హద్దులోకి ఇంకో మగపిట్ట చొరబడిందనుకుని, మేతో గూడో వదిలేసి పోట్లాటకు వస్తుంది. పిల్లల్ని పెంచే రోజుల్లో అది దానికి పెద్ద టెన్షన్. కూత విని పిట్ట పేరు చెప్పే మెర్లిన్ యాప్ వాడండి, కానీ వినడానికే. అది చెప్పిన పేరు కూడా కళ్లతో చూశాకే రాసుకోండి.

పెద్ద కెమెరా లేకపోతే దండగ అంటారు. కాదు. 8x42 బైనాక్యులర్స్ చాలు. ఎనిమిది రెట్లు పెద్దగా చూపిస్తుంది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు. పది రెట్లదైతే చెయ్యి వణుకు కూడా పెద్దదవుతుంది.

అపోహ: బయలు కదా, ఎక్కడికైనా నడవొచ్చు.

ఇక్కడ భూమి ఊరందరి ఉమ్మడి సొత్తు. మొదట్లో ఒక పిచ్చుక వెనకాల నేను మొక్కజొన్న చేలో దిగిపోయాను. ఒక పెద్దాయన గట్టు మీద నిలబడి, "ఏం పోగొట్టుకున్నావు బాబూ?" అని స్పానిష్‌లో అడిగాడు. సిగ్గుతో చచ్చాను. అప్పట్నుంచి ముందు ఊళ్లో అడగడం, దారిలో ఎవరు కనబడినా "బ్వేనోస్ దియాస్" (శుభోదయం) చెప్పడం, ఆ తర్వాతే ఊరి పైనున్న పియెద్రా అసుల్ చెరువు వైపు నడక.

ఎండెక్కితే పిట్టలు నోరు మూస్తాయి, ఇక వెళ్లిపోదాం అంటారు. నేను మగ్గం ఇంటికి తీసుకెళ్తాను. నాగజెముడు మీద పెరిగే కొచినీల్ పురుగుల నుంచి ఎరుపు రంగు, బంతి జాతి పూల నుంచి పసుపు రంగు తీస్తారు. మన గుమ్మాలకు కట్టే బంతి పుట్టిల్లు కూడా ఈ దేశమే. పోయినసారి ఆ పెరట్లోనే, ఆరేసిన నూలు కింద, పొద్దుటి నుంచి దొరకని టోహీ మట్టి గీరుతూ కనబడింది.