అమెరికా ఫ్యాక్టరీలు, ప్రభుత్వ సుంకాలు: ఉక్కు కాయిల్ నుంచి కొటేషన్ దాకా అపోహలు – వాస్తవాలు

అమెరికా తయారీ రంగం మాట ఎత్తగానే వినిపించేవి రెండే పాటలు. ఒకటి "అక్కడ ఇంకేం తయారవుతాయండీ, అన్నీ చైనావే". రెండోది "సుంకాలు వేశారుగా, ఫ్యాక్టరీలన్నీ తిరిగొచ్చేస్తాయి". డిట్రాయిట్ చుట్టుపక్కల సప్లయర్ కంపెనీల్లో ఖర్చుల లెక్కలు, కొనుగోళ్లు చూసే మనవాళ్లకూ, బాలానగర్, జీడిమెట్ల షెడ్లలో విడిభాగాలు చేసి అమెరికాకు పంపేవాళ్లకూ ఈ పాటలతో పని జరగదు. టీవీలో చెప్పే శాతం ఎంతైనా, లెక్క తేలేది ఏ కోడు (సరుకు రకాన్ని చెప్పే కస్టమ్స్ సంఖ్య), ఏ బరువు, ఏ తేదీ అన్న మూడింటి దగ్గరే.

అపోహ: అమెరికాలో ఇప్పుడు ఏమీ తయారు కావు

తయారీ విలువలో చైనా తర్వాత స్థానం ఇప్పటికీ అమెరికాదే. విమానాలు, గ్యాస్ టర్బైన్లు, రసాయనాలు, మందులు, ట్రాక్టర్లు, వైద్య పరికరాలు అక్కడ తయారవుతున్నాయి. సూపర్‌మార్కెట్ అరల్లో ఇవి ఉండవు కాబట్టి కంటికి ఆనవు. అలాగని "ఉత్పత్తి పెరుగుతూనే ఉంది, తగ్గింది మనుషులే" అనే వాదనను కూడా పూర్తిగా నమ్మలేం. ఆర్థికవేత్త సుసాన్ హౌస్‌మన్ చూపించినట్టు, ఆ పెరుగుదలలో చాలా భాగం కంప్యూటర్, ఎలక్ట్రానిక్స్ విభాగానిదే. చిప్పు వేగం పెరిగితే గణాంకాల్లో ఉత్పత్తి పెరిగినట్టు నమోదవుతుంది. ఆ ఒక్క విభాగాన్ని పక్కన పెడితే మిగతా రంగం ఎదుగుదల చాలా నీరసంగా కనిపిస్తుంది.

అపోహ: ఉద్యోగాలు తిన్నది చైనా ఒక్కటే (లేదా రోబోలు ఒక్కటే)

తిలా పాపం తలా పిడికెడు. తయారీ ఉద్యోగాలు 1979లో సుమారు 1.95 కోట్లతో శిఖరానికి చేరాయి. 2000 నాటికి 1.73 కోట్ల దగ్గర ఉన్నాయి, అంటే ఇరవై ఏళ్లలో తగ్గింది కొద్దే. ఆ తర్వాత పదేళ్లలో మాత్రం 1.15 కోట్లకు కుప్పకూలాయి. చైనాకు శాశ్వత వాణిజ్య హోదా ఇచ్చే చట్టం 2000లో వచ్చింది, 2001 డిసెంబరులో చైనా ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరింది, 2007 డిసెంబరులో మాంద్యం మొదలైంది. ఉక్కు రంగం కథ వేరు. అక్కడ 70 శాతం దాకా ఉక్కు, తుక్కును కరిగించే ఎలక్ట్రిక్ ఆర్క్ ఫర్నేసుల్లోనే తయారవుతుంది. 1980ల మొదట్లో టన్నుకు పది పనిగంటలు పట్టేది, ఇప్పుడు రెండు గంటల లోపే. ఆ ఉద్యోగాలను ఏ సుంకమూ వెనక్కి తేలేదు.

అపోహ: సుంకం కట్టేది సరుకు పంపిన దేశం

కట్టేది దిగుమతిదారుగా నమోదైన అమెరికా కంపెనీ. సరుకు విడుదలయ్యాక పది పనిదినాల్లోగా ఎంట్రీ సమ్మరీ (సరుకు, సుంకం వివరాల పత్రం) దాఖలు చేసి డబ్బు జమ చేయాలి. కస్టమ్స్ వారు ఆ ఎంట్రీని చివరగా ఖరారు చేయడానికి మామూలుగా 314 రోజులు పడుతుంది. ఈలోగా కోడు తప్పని తేలితే తేడా మొత్తం వడ్డీతో సహా వచ్చి పడుతుంది.

చాలామంది మరిచిపోయేది బాండు సంగతి. సుంకం కడతామన్న హామీగా ఇచ్చే నిరంతర కస్టమ్స్ బాండు కనీసం 50,000 డాలర్లు ఉండాలి, లేదా గత 12 నెలల్లో కట్టిన సుంకాల్లో 10 శాతం, ఏది ఎక్కువైతే అది. ఏడాదికి 4 లక్షల డాలర్లు కట్టే కంపెనీకి కనీస బాండు సరిపోతుంది. అదే సరుకు మీద సుంకం 20 లక్షలకు చేరితే బాండు 2 లక్షలు కావాలి. చాలదని నోటీసు వచ్చినప్పుడు పట్టించుకోకపోతే సరుకు రేవులోనే ఆగుతుంది, రోజు అద్దె పెరుగుతూనే ఉంటుంది.

ఇక కోడు. ఉక్కు మీద జాతీయ భద్రత పేరుతో వేసే సెక్షన్ 232 సుంకం 2018 మార్చిలో 25 శాతంగా మొదలై, 2025 జూన్ 4న 50 శాతమైంది. ఉక్కుతో చేసిన వస్తువుల జాబితా కూడా పెరుగుతూ వచ్చింది. 2025 ఆగస్టు 18న ఒక్క దెబ్బతో 407 కోడ్లు చేరాయి. అప్పటికే నౌకలో ఉన్న సరుకుకూ మినహాయింపు దొరకలేదు. అప్పటి నిబంధనల ప్రకారం, జాబితాలో ఉండి, ఉక్కు వస్తువుల కోడ్లుండే 73వ అధ్యాయానికి బయటి కోడుకు చెందిన యంత్రభాగాల కన్‌సైన్‌మెంట్ లక్ష డాలర్లదని, అందులో ఉక్కు విలువ 40,000 అని అనుకుందాం. ఉక్కు సుంకం 20,000. మిగతా 60,000 మీద ఆ దేశానికి వర్తించే సుంకాలు వేరు. ప్రాసెసింగ్ ఫీజు 0.3464 శాతం, అంటే 346 డాలర్లు. ఓడలో వస్తే హార్బర్ ఫీజు 0.125 శాతం, అంటే మరో 125.

ఉక్కు విలువ ఎంతో కాగితం మీద చూపలేకపోతే మాత్రం మొత్తం లక్ష మీదా 50 శాతం పడేది. 20,000 కాస్తా 50,000 అయ్యేది. అందుకే ఇక్కడి నుంచి పంపేవాళ్లు ముడి ఉక్కు కొన్న ఇన్వాయిసు, ఏ దేశంలో కరిగించి పోశారో చెప్పే మిల్లు సర్టిఫికెట్, ఒక్కో వస్తువుకు పట్టిన ఉక్కు బరువు, ఈ మూడూ ప్రతి కన్‌సైన్‌మెంట్‌తో జత చేయాల్సి వచ్చేది. అమెరికాలో కరిగించి పోసిన ఉక్కుతో బయట చేసిన వస్తువుకు అప్పట్లో ఈ సుంకం ఉండేది కాదు. దాన్ని రుజువు చేసేదీ ఆ సర్టిఫికెట్టే.

అపోహ: ఉక్కు మీద సుంకం వేస్తే అమెరికా తయారీ మొత్తం బాగుపడుతుంది

ఉక్కు మిల్లుకు లాభమే, అందులో సందేహం లేదు. కానీ ఉక్కు తయారు చేసేవాళ్లకంటే ఉక్కు కొని పని చేసేవాళ్లు ఎన్నో రెట్లు ఎక్కువ. బయటి ఉక్కు ధర పెరిగితే లోపలి మిల్లు కూడా ఆ ఎత్తుకే ధర పెంచుతుంది. స్వదేశీ ఉక్కు మాత్రమే కొంటున్నాం, మాకేం కాదు అనుకునే ప్రెస్ షాపుకూ తప్పదు.

అది షాపులోకి ఎలా వస్తుందో చూద్దాం. లెక్క కోసం వేసుకున్న అంకెలివి: స్టాంపింగ్ చేసిన ఒక బ్రాకెట్ బరువు 2 కిలోలు, షీటు వినియోగం 65 శాతం. అంటే ఒక్కో బ్రాకెట్‌కు 3.08 కిలోల షీటు పోతుంది, 1.08 కిలోలు తుక్కు. షీటు ధర కిలోకు 80 సెంట్ల నుంచి డాలరుకు పెరిగితే, 2 కిలోలకు 40 సెంట్లే అని కొటేషన్ రాసేవాళ్లుంటారు. నిజమైన పెంపు 62 సెంట్లు. తుక్కు ధర కిలోకు 5 సెంట్లు పెరిగినా తిరిగొచ్చేది 5 సెంట్లే కాబట్టి నికరంగా 56 లేదా 57. ఆ బ్రాకెట్ 5 డాలర్లకు అమ్ముడై, మార్జిన్ 6 శాతం ఉంటే, మిగిలేది 30 సెంట్లు. ప్రతి బ్రాకెట్ మీదా నష్టమే.

కార్ల కంపెనీతో కాంట్రాక్టులో ధరల ఇండెక్స్ క్లాజు (ఉక్కు ధర మారితే కొనుగోలు ధరనూ సర్దే షరతు) ఉండొచ్చు. అప్పుడు చూడాల్సినవి రెండు. సర్దుబాటు షీటు బరువు మీదా, తయారైన బ్రాకెట్ బరువు మీదా? సర్దుబాటు నెలవారీనా, మూడు నెలల వెనకబాటుతోనా? వెనకబాటు ఉంటే ధర ఎక్కే కాలమంతా భారం షాపుదే. చిన్న షాపులు మూతపడేది ఎక్కువగా ఈ మూడు నెలల నగదు లోటుతోనే, ఆర్డర్లు లేక కాదు.

ఎగుమతి చేసేవాళ్ల ఇబ్బంది ఇంకా మొండిది. మామూలు సుంకమైతే, దిగుమతి చేసిన ముడిసరుకుతో చేసిన వస్తువు బయటికి పంపినప్పుడు 99 శాతం దాకా తిరిగి రాబట్టుకోవచ్చు. 2018, 2025 ఆదేశాల ప్రకారం సెక్షన్ 232 ఉక్కు సుంకానికి ఆ వాపసు లేదు. చిలీ గనికి యంత్రం అమ్మబోయే అమెరికా ఫ్యాక్టరీ ఆ సుంకాన్ని ధరలో మోస్తూ పోటీకి దిగాల్సి వచ్చింది. ఎదుటి జపాన్ కంపెనీకి ఆ మోత లేదు. 2018 సుంకాల మీద ఫెడరల్ రిజర్వ్ ఆర్థికవేత్తలు ఆరన్ ఫ్లాయెన్, జస్టిన్ పియర్స్ 2019లో తేల్చింది ఇదే. ముడిసరుకు ఖర్చు, ఎదుటి దేశాల ప్రతీకార సుంకాలు కలిసి, రక్షణ వల్ల వచ్చిన ఉద్యోగాల కంటే పోయినవే ఎక్కువ.

ట్రాన్స్‌ఫార్మర్లది మరీ విడ్డూరం. వాటి కోర్‌కు కావాల్సిన గ్రెయిన్ ఓరియెంటెడ్ ఉక్కును అమెరికాలో తయారు చేసేది ఒకే కంపెనీ, పెన్సిల్వేనియాలోని బట్లర్‌లో. 2018లో ఆ ఉక్కు మీద సుంకం పడింది, దాన్ని కోసి పేర్చిన కోర్ల మీద పడలేదు. ఫలితంగా కోత పని సరిహద్దు దాటి కెనడా, మెక్సికోలకు జరిగింది, కోర్లు సుంకం లేకుండా లోపలికొచ్చాయి. ఉక్కును కాపాడబోయి ఉక్కు కొనేవాడినే దేశం దాటించారు.

వాషింగ్ మెషిన్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2018లో సుంకం పడటానికి కాస్త అటూ ఇటూగా శామ్‌సంగ్ సౌత్ కరోలినాలో, ఎల్‌జీ టెనెసీలో ఉత్పత్తి పెట్టాయి. సుమారు 1,800 ఉద్యోగాలు వచ్చాయి, నిజమే. ధరలు 12 శాతం దాకా పెరిగాయి. సుంకం లేని డ్రయర్ల ధరలూ అంతే పెరిగాయి, ఎందుకంటే జనం రెండూ జతగా కొంటారు. పరిశోధకుల లెక్కలో ఒక్కో ఉద్యోగానికి కొనుగోలుదారులకు పడిన ఖర్చు ఏడాదికి 8 లక్షల డాలర్ల పైమాటే.

అపోహ: సబ్సిడీ ప్రకటిస్తే ఫ్యాక్టరీ మొలుస్తుంది

విస్కాన్సిన్‌లో తైవాన్ ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఫాక్స్‌కాన్ 2017లో 13,000 ఉద్యోగాలు, 1,000 కోట్ల డాలర్ల పెట్టుబడి అంది. 2021లో ఒప్పందం తిరగరాసే నాటికి అది 1,454 ఉద్యోగాలు, 67.2 కోట్ల డాలర్లకు దిగింది. ఉద్యోగాలు వచ్చాకే పన్ను రాయితీ అన్న షరతు ఉండబట్టి రాష్ట్రం చాలావరకు బయటపడింది. రోడ్లకూ, భూమికీ పెట్టిన స్థానిక సంస్థల డబ్బు మాత్రం ముందే ఖర్చయిపోయింది.

సెమీకండక్టర్ చిప్పుల తయారీ కోసం తెచ్చిన 2022 ఆగస్టు చిప్స్ చట్టం దారి కొంత మెరుగు. తయారీ ప్రోత్సాహకాలకు 3,900 కోట్ల డాలర్లు కేటాయించి, మైలురాళ్లు దాటేకొద్దీ విడుదల అన్నారు. అయినా అరిజోనాలో తైవాన్ చిప్పుల కంపెనీ టీఎస్‌ఎంసీ ప్రకటన 2020 మేలో వస్తే, భారీ ఉత్పత్తి మొదలైంది 2024 చివర్లో. మధ్యలో యంత్రాలు బిగించే నిపుణులు దొరక్క ఏడాది జాప్యం. కొత్త ప్లాంటు వార్త చదివినప్పుడు పునాది తేదీ కంటే విద్యుత్ సబ్‌స్టేషన్ ఆర్డరు ఎప్పుడిచ్చారో వెతకడం మేలు. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ చేతికి రావడానికే రెండేళ్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతోంది.

బ్యాటరీలకు, సౌర పలకలకు పన్ను చట్టంలోని 45ఎక్స్ సెక్షన్ కింద ఇచ్చే రాయితీ ఇంకో రకం. అందులో హామీలకు డబ్బు లేదు, సరుకుకే. బ్యాటరీ సెల్‌కు కిలోవాట్ అవర్‌కు 35 డాలర్లు, సౌర మాడ్యూల్‌కు వాట్‌కు 7 సెంట్లు. తయారు చేసి అమ్మితేనే దక్కుతుంది.

అపోహ: ప్రభుత్వం తప్పుకుంటే చాలు, ఫ్యాక్టరీలే చూసుకుంటాయి

ఇప్పటి సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే కోత) యంత్రాలకు మూలమైన ఎన్‌సీ యంత్రం పుట్టిందే అమెరికా వైమానిక దళం డబ్బుతో. జాన్ పార్సన్స్‌కు 1949లో కాంట్రాక్టు ఇచ్చారు, 1952లో ఎంఐటీలో యంత్రం పని చేసి చూపించారు. ఈనాటి షాపుకు మాత్రం అన్నిటికంటే దగ్గరగా తగిలే ప్రభుత్వ నిర్ణయం తరుగుదల నియమం. 2025 జూలై చట్టం ప్రకారం, 2025 జనవరి 19 తర్వాత కొన్న యంత్రం ఖరీదంతా మొదటి ఏడాదే ఖర్చు కింద రాసుకోవచ్చు. ఫ్యాక్టరీ భవనానికీ అదే సౌలభ్యం ఉంది, కానీ నిర్మాణం 2029కి ముందే మొదలవ్వాలి, 2031కి ముందే వాడకంలోకి రావాలి. ఆఫీసు గదులకూ, పార్కింగుకూ వర్తించదు. అందుకని ప్లాను గీసేటప్పుడే ఉత్పత్తి జరిగే విస్తీర్ణాన్ని విడిగా కొలిచి, కాంట్రాక్టరు బిల్లులు కూడా రెండుగా తీసుకోవాలి. భవనం లేచాక విడదీయబోతే ప్రతి చదరపు అడుగుకూ ఆడిటర్‌తో వాదనే.