మాడు మీది మచ్చ: నింద మోసిన దువ్వెన

ఆఫ్రికన్ మూలాలున్న స్త్రీలలో మాడు దగ్గర మొదలై చుట్టూ పాకే బట్టతల ఒకటుంది. కుదుళ్ల చుట్టూ వాపు వచ్చి, చివరికి వెంట్రుక మొలిచే రంధ్రమే మచ్చగా పూడుకుపోతుంది. పూడిన చోట ఇక జుట్టు రాదు. దీని పూర్తి పేరు సెంట్రల్ సెంట్రిఫ్యూగల్ సికాట్రీషియల్ అలొపీషియా, అంటే నడిమధ్య నుంచి బయటికి పాకే, మచ్చలు పడే బట్టతల. వైద్యులు క్లుప్తంగా సీసీసీఏ అంటారు.

1968లో అమెరికాలో లోప్రెస్టి, పాపా, క్లిగ్‌మన్ అనే వైద్యులు దీన్ని 'హాట్ కోంబ్ అలొపీషియా' (వేడి దువ్వెన బట్టతల) అన్నారు. రింగుల జుట్టు సాపు కావడానికి పెట్రోలియం జెల్లీ పూసి, వేడిచేసిన లోహపు దువ్వెనతో దువ్వేవారు. కరిగిన జెల్లీ కుదుట్లోకి జారి కాలుస్తోందని వాళ్ల వాదన. మరి ఆ దువ్వెన ముట్టనివాళ్ల సంగతేమిటి? 1992లో స్పెర్లింగ్, సావ్ అనే వైద్యులు కుదురు లోపలి తొడుగు ఉండాల్సిన దానికంటే లోతులోనే ఊడిపోతోందని చూపి, పాత పేరును తోసిపుచ్చారు. ఇప్పటి పేరు 2001లో ఉత్తర అమెరికా జుట్టు పరిశోధకుల సమావేశంలో కుదిరింది.

2019లో ఇంకో మలుపు. పరీక్షించిన 58 మంది స్త్రీలలో 14 మందికి పీఏడీఐ3 జన్యువులో మార్పులు కనిపించాయి. వెంట్రుక కాడ గట్టిపడటానికి కావలసిన ఎంజైమును తయారుచేసేది ఈ జన్యువే. అలాగని దువ్వెనకు పూర్తి క్లీన్‌చిట్ ఇవ్వలేం. పుట్టుకతోనే బలహీనమైన కుదురు మీద వేడి, రిలాక్సర్లు (జుట్టు సాపు చేసే రసాయనాలు), బిగుతు జడలు అదనపు భారమే. కానీ తప్పంతా అలంకరణదే అన్న ఆ తొలి పేరు చేసిన చెరుపు తక్కువేం కాదు: 'సాపు చేయడం మానెయ్' అన్న సలహా ఒక్కటే పట్టుకుని ఇంటికెళ్లిన మనిషికి లోపల మచ్చ పెరుగుతూనే ఉంటుంది.

మాడు దగ్గర వెంట్రుకలు పుటుక్కున తెగిపోవడం తొలి సూచన కావచ్చు. దురద, మంట, ముట్టుకుంటే నొప్పి కొందరికే ఉంటాయి. బయాప్సీకి (చర్మం ముక్క తీసి చేసే పరీక్ష) 4 మిల్లీమీటర్ల ముక్క తీయాల్సింది నున్నటి నడిమధ్య నుంచి కాదు, అక్కడ మచ్చ తప్ప ఏమీ దొరకదు. ఇంకా జుట్టున్న అంచు నుంచి తీయాలి.

చికిత్స లక్ష్యం మిగిలిన కుదుళ్లను కాపాడటం. క్లోబెటసాల్ వంటి ఘాటు స్టెరాయిడ్ పూత, 4-6 వారాలకోసారి మాడులోకి ట్రయామ్‌సినలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, వాపు తగ్గడానికి కొన్ని నెలలపాటు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్, తోడుగా జుట్టు పెరగడానికి మినాక్సిడిల్ వాడతారు. ఇంజెక్షన్ మోతాదు మించితే చర్మం పలచబడి గుంట పడుతుంది. జుట్టు నాటించుకోవాలంటే వ్యాధి కనీసం ఏడాదిగా అణిగి ఉండాలి. లేకపోతే నాటినవీ అదే దారి పడతాయి.