ఆసుపత్రి భవనాల నిర్వహణ ఖర్చు: అంచనా లెక్కల మీద అపోహలు - వాస్తవాలు

కర్నూలు, అనంతపురం, కడప వైపు ఆసుపత్రి భవనాల నిర్వహణ ఖర్చును గణాంక మోడళ్లతో అంచనా వేయడం నా పని. అంటే కరెంటు, నీళ్లు, లిఫ్టులు, జనరేటర్ డీజిల్, శుభ్రత, సెక్యూరిటీ, రిపేర్లు. జీతాలు, మందులు ఇందులోకి రావు. ఎక్కడికి వెళ్లినా కొన్ని మాటలు మళ్లీ మళ్లీ వింటుంటాను, అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: పడకకు ఇంత అని ఒక రేటు పెట్టుకుంటే లెక్క తేలిపోతుంది.

వాస్తవం: కరెంటు కాల్చేది పడక కాదు, దాని చుట్టూ ఉన్న సదుపాయాలు. ఆపరేషన్ థియేటర్లో గంటకు కనీసం 20 సార్లు గాలి మారాలంటాయి ఎన్‌ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యతకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) మార్గదర్శకాలు, మే నెలలో కర్నూలు ఎండకు ఆ గాలిని చల్లబరచాలంటే ఎంతవుతుందో మీరే ఆలోచించండి. డయాలసిస్‌లో నిమిషానికి 500 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు గంటలకు 120 లీటర్ల ద్రావణం కావాలి, ఆర్వో బయటికి వదిలే నీళ్లు దీనికి అదనం. అనంతపురంలో ఎండాకాలం బోరు ఎండి ట్యాంకర్లు తెప్పించుకునే చోట ఇది చిన్న ఖర్చేం కాదు. రెండు ఆసుపత్రుల్లోనూ వంద పడకలే ఉన్నా బిల్లులకు పొంతన ఉండదు.

అపోహ: ఖర్చు తక్కువగా ఉందంటే భవనాన్ని బాగా నడుపుతున్నట్టే.

వాస్తవం: నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. మోడల్‌కు తెలిసేది ఎంత ఖర్చు పెట్టారన్నదే, ఎంత పెట్టాల్సి ఉండిందో దానికి తెలియదు. పైకప్పు కారుతున్నా పట్టించుకోకపోతే పుస్తకంలో పడేది సున్నా. లిఫ్టు ఆగిపోయి, ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) కట్టక స్ట్రెచర్‌ను మెట్ల మీద మోసినా పడేది సున్నానే. బీపీ చూపించుకోని మనిషికి బీపీ లేదనుకోవడం లాంటిది ఇది. డేటాలో ఇలాంటి భవనాలు ఎక్కువైతే పాత భవనాలకు ఖర్చు తక్కువని మోడల్ చూపిస్తుంది, ఆ అంచనానే ప్రమాణంగా పట్టుకుని, శ్రద్ధగా రిపేర్లు చేయించే ఆసుపత్రిని దుబారా అంటారు, అక్కడా బడ్జెట్ కోస్తారు, మరుసటి ఏడాది మోడల్ ఇంకా కిందికి దిగుతుంది. అందుకే నేను బిల్లులతో పాటు పెండింగు ఫిర్యాదుల రిజిస్టరు, లిఫ్టు ఆగిన రోజులు, ఇంజినీరు తిరిగి చూసి ఇచ్చే స్థితి మార్కులు కూడా అడుగుతాను. ఒక్క ఏడాది లెక్కలు కూడా చాలవు, ఎందుకంటే పెద్ద రిపేర్లు ఏటా రావు.

అపోహ: ఆర్-స్క్వేర్ (ఖర్చుల్లోని తేడాల్లో ఎంత భాగాన్ని మోడల్ వివరిస్తుందో చెప్పే అంకె, గరిష్ఠం 1) 0.9 దాటితే మోడల్ బాగున్నట్టు.

వాస్తవం: పది పడకల నర్సింగ్ హోమ్‌నీ బోధనాసుపత్రినీ ఒకే లెక్కలో కలిపితే, సైజు తేడా వల్లే ఆ అంకె పెరిగిపోతుంది. విస్తీర్ణం, పడకలు, సిబ్బంది కలిసే పెరుగుతాయి కాబట్టి, ఒక్కోసారి పడకల గుణకం (మిగతావి మారకుండా ఒక పడక పెరిగితే ఖర్చు ఎంత మారుతుందని మోడల్ చెప్పే అంకె) మైనస్‌లో వస్తుంది. అంతమాత్రాన పడకలు పెంచితే ఖర్చు తగ్గుతుందని చెప్పకండి, దయచేసి. ఒక్కో ఆసుపత్రినీ పక్కన పెట్టి, మిగతావాటితో దాని ఖర్చు అంచనా వేసి చూడండి, అసలు బలం అప్పుడు తెలుస్తుంది.

ఇంకొకటి, ఖర్చును లాగ్ (లాగరిథమ్) లోకి మార్చి మోడల్ కట్టినవాళ్లు తిరిగి రూపాయల్లోకి మార్చేటప్పుడు నేరుగా మార్చేస్తుంటారు. అలా వచ్చేది మధ్యగత విలువ (వరుసలో పేరిస్తే సరిగ్గా నడుమ వచ్చేది), సగటు కాదు. దోషాలు (అంచనాకూ అసలు ఖర్చుకూ మధ్య తేడాలు) సాధారణ విభాజనంలో, అంటే గంట ఆకారంలో ఉండి, లాగ్‌లో వాటి ప్రామాణిక విచలనం (అవి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) 0.4 అయితే, అసలు సగటు దానికంటే సుమారు 8 శాతం ఎక్కువ. జిల్లా మొత్తం బడ్జెట్‌లో ఆ 8 శాతం పెద్ద లోటే.

అపోహ: వరద ఏడాది లెక్కలు తీసిపారేయాలి.

వాస్తవం: 2009 అక్టోబరులో తుంగభద్ర నీళ్లు కర్నూలు పట్టణాన్ని ముంచేశాయి. అలాంటి ఏడాదిని మామూలు ఖర్చుల మోడల్ నుంచి విడిగా ఉంచండి కానీ చెరిపేయకండి, రిజర్వు నిధి ఎంత ఉండాలో చెప్పేది అదే. ప్యానెల్ బోర్డు, జనరేటర్ సెల్లార్లో ఉన్నాయా పైన ఉన్నాయా అన్నది కూడా డేటాలో ఒక కాలమ్‌గా పెట్టుకోండి.