వర్ధమాన దేశాల వినియోగదారులపై పరిశోధన: అపోహలు - వాస్తవాలు

వర్ధమాన దేశాల్లో వినియోగదారుల ప్రవర్తన గురించి ప్రచారంలో ఉన్న అపోహలు పైకి ఆ దేశాల ప్రజల గురించినవిగానే కనిపిస్తాయి. వాటి మూలం వెతుక్కుంటూ వెళ్తే మాత్రం చాలాసార్లు మనం అడిగిన ప్రశ్న దగ్గరో, ఎంచుకున్న నమూనా దగ్గరో, వేరే సమాజం కోసం తయారైన కొలమానం దగ్గరో తేలతాం. ఒక కుటుంబం తీసుకున్న కొనుగోలు నిర్ణయం మనకు వింతగా తోచినప్పుడు, ఆ కుటుంబం చేతికి డబ్బు ఎప్పుడు, ఎంత, ఎంత నమ్మకంగా వస్తుందో ముందుగా తెలుసుకోవాలన్నది ఈ రంగంలో పనిచేస్తున్న వ్యక్తిగా నా దృఢమైన అభిప్రాయం. తరచుగా వినిపించే కొన్ని అపోహలను ఆ దృష్టితోనే ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: సంపన్న దేశాలు నడిచిన దారిలోనే వర్ధమాన దేశాలు కొంత ఆలస్యంగా నడుస్తాయి.

వాస్తవం: చెల్లింపుల చరిత్ర ఒక్కటి చూసినా ఈ మాట నిలవదు. కెన్యాలో 2007లో మొదలైన ఎం-పెసా ఒక మొబైల్ కంపెనీ సేవ. బ్యాంకు ఖాతా లేనివారు కూడా దగ్గరలోని ఏజెంటుకు నగదు కట్టి, ఫోన్ ద్వారా డబ్బు పంపగలిగారు. చైనాలో 2004లో వచ్చిన అలీపే, ఒకరినొకరు ఎరుగని ఆన్‌లైన్ కొనుగోలుదారుకూ అమ్మకందారుకూ మధ్య, సరుకు అందేదాకా డబ్బును తన దగ్గర నిలిపి ఉంచే ఏర్పాటుగా పుట్టింది. భారతదేశంలో 2016లో ప్రారంభమైన యూపీఐ ఒక బ్యాంకు ఖాతా నుంచి మరో ఖాతాకు నేరుగా డబ్బు చేరవేసే ఉమ్మడి వ్యవస్థ. ఈ మూడు దేశాల్లోనూ కోట్లాది మంది క్రెడిట్ కార్డు ముఖం చూడకుండానే ఫోన్ చెల్లింపులకు అలవాటుపడ్డారు. అయితే ఎక్కడికక్కడ ఏ కొరత ఎక్కువగా ఉందో దాన్నిబట్టే పరిష్కారం రూపుదిద్దుకుంది. ఎం-పెసాను మొదట సూక్ష్మరుణాల వాయిదాలు కట్టించుకోవడానికి ప్రయోగాత్మకంగా పరీక్షించారు. ఆ దశలో జనం దాన్ని ఒకరికొకరు డబ్బు పంపుకోవడానికి వాడుకోవడం గమనించి, నిర్వాహకులు సేవ స్వరూపాన్నే మార్చారు. ప్రయోగదశలో జనం మన ఉద్దేశానికి భిన్నంగా వాడిన తీరును లోపంగా లెక్కగట్టి నివేదిక నుంచి తీసేసే అలవాటు మన వృత్తిలో ఇంకా ఉంది, అది పోవాలి.

అపోహ: తక్కువ ఆదాయం ఉన్నవారు ధర ఒక్కటే చూస్తారు.

వాస్తవం: ధర చూస్తారు, కానీ ఏ ధర చూస్తారన్నది అసలు విషయం. కిలోకు ఎంత పడుతుందన్న లెక్క వేరు, ఈ రోజు చేతిలోంచి ఎంత పోతుందన్న లెక్క వేరు. బంగ్లాదేశ్, భారతదేశం, దక్షిణాఫ్రికాల్లో పేద కుటుంబాలను ఏడాది పాటు నెలకు రెండుసార్లు కలిసి, వచ్చిన ప్రతి పైసానూ పోయిన ప్రతి పైసానూ నమోదు చేసిన ఆర్థిక డైరీల అధ్యయనాలు ఈ తేడాను స్పష్టంగా చూపాయి. పొదుపు, చేబదులు, చీటీలు, అప్పు, డబ్బు దాచమని ఇతరులకు ఇవ్వడం వంటి పద్ధతుల్లో నాలుగింటి కన్నా తక్కువ వాడిన కుటుంబం ఆ అధ్యయనాల్లో ఒక్కటీ లేదు. ఆదాయం తక్కువ కావడం వారి ఇబ్బందుల్లో ఒకటి మాత్రమే. అది ఎప్పుడు వస్తుందో తెలియకపోవడం, అవసరం మాత్రం దాని కోసం ఆగకపోవడం అంతకు తక్కువవేమీ కావు. చిన్న ప్యాకెట్టు కొనే మనిషి తన డబ్బును సరుకు రూపంలో ఇరికించకుండా, రేపటి అవసరానికి చేతిలో ఉంచుకుంటున్నాడు. పైగా చిన్న ప్యాకెట్టు కొన్నవారు ఎప్పుడూ నష్టపోతారనుకోవడం కూడా పొరపాటే. భారతదేశంలో షాంపూ విషయంలో సీసా కన్నా సాషేలోనే మిల్లీలీటరు ధర తక్కువ పడిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి.

తక్కువ ధర ఒక్కటే చాలదనడానికి టాటా నానో ప్రసిద్ధమైన ఉదాహరణ. లక్ష రూపాయల కారుగా 2008లో దాన్ని ప్రదర్శించినప్పుడు ద్విచక్ర వాహనాలపై తిరిగే కుటుంబాలన్నీ దానివైపు మళ్లుతాయని అంచనా వేశారు. 2018 నాటికి ఉత్పత్తి ఆగిపోయింది. దాని వెనుక కారణాలు అనేకం ఉన్నాయి గానీ, 'అత్యంత చవక కారు' అన్న ముద్ర దానికి మేలు చేయలేదని రతన్ టాటాయే తర్వాత బహిరంగంగా అన్నారు. మొదటి కారు కొనే కుటుంబానికి అది ప్రయాణ సాధనమే కాదు, నలుగురిలో తాము చేరుకున్న స్థానానికి గుర్తు కూడా. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో 2007లో 13 దేశాల సర్వేలను పరిశీలించి ప్రచురించిన పరిశోధనలోనూ ఇటువంటిదే కనిపిస్తుంది: గ్రామీణ ప్రాంతాల్లో అత్యంత పేద కుటుంబాలు ఆహారంపై పెట్టిన ఖర్చు మొత్తం వ్యయంలో 56 నుంచి 78 శాతం మాత్రమే. రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ జిల్లాలో అటువంటి పేద కుటుంబాలను ఖర్చు వాటా ప్రకారం వరుసగా పేర్చితే సరిగ్గా మధ్యలో నిలిచే కుటుంబం ఏటా తన వ్యయంలో 10 శాతం వరకు పండుగలకే పెట్టింది. దీన్ని దుబారా అని తేల్చేసేవారితో నేను ఏకీభవించలేను, ఎందుకంటే ప్రభుత్వ భద్రతా బీమా కానీ తేలికగా దొరికే బ్యాంకు రుణం కానీ లేనిచోట కష్టకాలంలో ఆదుకునేది బంధువర్గమే, ఆ బంధాలను నిలబెట్టుకోవడానికి పెట్టే ఖర్చు కూడా ఒక విధమైన రక్షణే.

అపోహ: ధర తగ్గితే వినియోగం తప్పకుండా పెరుగుతుంది.

వాస్తవం: సాధారణంగా పెరుగుతుంది. అయితే చైనాలోని హునాన్ రాష్ట్రంలో ఆర్థికవేత్తలు రాబర్ట్ జెన్సన్, నోలన్ మిల్లర్ పేద కుటుంబాలకు బియ్యంపై రాయితీ ఇచ్చి చూసినప్పుడు ఆ కుటుంబాల బియ్యం వినియోగం తగ్గింది. చవకైన తిండిగింజలపై మిగిలిన డబ్బుతో వారు ఇతర ఆహారం కొనుక్కున్నారు. 2008లో ప్రచురితమైన ఈ ఫలితం అన్ని సరుకులకూ వర్తించదు, కానీ రాయితీ పథకాల ప్రభావాన్ని ఒకే సరుకు అమ్మకాలతో కొలవకూడదని చెప్పడానికి సరిపోతుంది.

అపోహ: ఉచితంగా ఇస్తే విలువ ఉండదు, కొంతైనా వసూలు చేస్తేనే వాడతారు.

వాస్తవం: ఎన్నో ఏళ్లపాటు ఎన్నో ఆరోగ్య కార్యక్రమాలు ఈ నమ్మకంపైనే నడిచాయి కాబట్టి దీన్ని పరీక్షించి చూడటం ఎంతో అవసరమైంది. ఆర్థికవేత్తలు జెస్సికా కోహెన్, పాస్కలిన్ డ్యూపా కెన్యాలో గర్భిణుల కోసం నడిచే ఆరోగ్య కేంద్రాలను యాదృచ్ఛికంగా విభజించి, కొన్నింటిలో దోమతెరలను ఉచితంగా, మిగిలినవాటిలో వేర్వేరు ధరలకు ఇప్పించారు. 2010లో వెలువడిన ఫలితాల ప్రకారం ధర సున్నా నుంచి 60 సెంట్లకు పెరిగితే తీసుకునేవారి వాటా 60 శాతం పాయింట్లు పడిపోయింది; డబ్బు పెట్టి కొన్నవారు ఉచితంగా పొందినవారి కన్నా ఎక్కువగా వాడిన దాఖలా కనిపించలేదు. అదే సమయంలో జాంబియాలో నీటిని శుద్ధిచేసే ద్రావణంపై జరిగిన ప్రయోగంలో మాత్రం ఎక్కువ ధరకు కొనడానికి సిద్ధపడినవారే దాన్ని నిజంగా నీటిలో కలిపే అవకాశం ఎక్కువని తేలింది. ఆ ద్రావణం ఇల్లు శుభ్రం చేయడానికి కూడా పనికొస్తుంది, దోమతెరకు అంత విస్తృతమైన ప్రత్యామ్నాయ ఉపయోగం లేదు. రెండు ఫలితాలూ నిజమే కాబట్టి, ధర పెట్టాలా వద్దా అన్నది వస్తువును బట్టి పరీక్షించి నిర్ణయించాల్సిన విషయం.

అపోహ: ప్రశ్న సరిగ్గా అడిగితే సర్వేలో సరైన సమాధానం వస్తుంది, రాకపోతే జనం అబద్ధం చెప్పినట్టే.

వాస్తవం: నాకు అన్నిటికన్నా ఆందోళన కలిగించే అపోహ ఇది. భారత జాతీయ నమూనా సర్వేలో కుటుంబ వ్యయాన్ని గత 30 రోజులకు సంబంధించి అడగడం అప్పట్లో ఆనవాయితీగా ఉండేది. 1990ల మధ్యలో కొన్ని విడతలపాటు యాదృచ్ఛికంగా ఎంపిక చేసిన కొన్ని కుటుంబాలను ఆహారం వంటి వాటిపై ఖర్చు గత 7 రోజుల్లో ఎంతో చెప్పమన్నారు, తక్కువ తరచుగా కొనేవాటికి ఏడాది కాలాన్ని తీసుకున్నారు. ఆ పద్ధతిలో తేలిన వ్యయం ఎంత ఎక్కువగా ఉందంటే, దాన్నే ప్రామాణికంగా తీసుకుంటే పేదరికం రేటు దాదాపు సగానికి పడిపోయేది. ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎవరి ఆదాయమూ మారలేదు, మారింది గుర్తు చేసుకోవాల్సిన కాలం మాత్రమే. ఆపై 1999-2000 విడతలో 7 రోజుల ప్రశ్ననూ 30 రోజుల ప్రశ్ననూ ఒకే కుటుంబాన్ని పక్కపక్కనే అడగడంతో ఒక జవాబు మరొకదాన్ని ప్రభావితం చేసి, ఆ గణాంకాలపై ఏళ్ల తరబడి చర్చ సాగింది. టాంజానియాలో కూడా ప్రశ్నావళి తీరు మారితే వ్యయం ఎంత మారుతుందో తెలుసుకోవడానికి ఒకేసారి 8 రకాల పద్ధతులను పరీక్షించారు.

క్షేత్రంలో ఇంకా సూక్ష్మమైన చిక్కులు ఉంటాయి. ఇంటి యజమానిగా పేరు రాయించుకున్న వ్యక్తికి సబ్బు ఎవరు, ఎప్పుడు, ఏ రకం కొంటారో తెలియకపోవచ్చు. కోడలిని అడిగిన ప్రశ్నకు అత్తగారు జవాబు చెప్పవచ్చు. వచ్చిన అధికారికి కాదనడం మర్యాద కాదనుకునేవారు 'పూర్తిగా అంగీకరిస్తాను' నుంచి 'అసలు అంగీకరించను' వరకు అయిదు స్థాయిల్లో జవాబు కోరే ప్రశ్నల్లో అన్నింటికీ 'అంగీకరిస్తాను' అని చెప్పవచ్చు, అందుకే అనుకూల వాక్యాలతో పాటు వ్యతిరేక వాక్యాలనూ కలిపి అడగాలి. కోతల తర్వాత చేసిన సర్వేను ఏడాది మొత్తానికి వర్తింపజేయకూడదు. ఇక 'ఈ వస్తువు వస్తే కొంటారా?' అన్న ప్రశ్నకు వచ్చిన 'అవును'ను అమ్మకాల అంచనాగా మార్చడం నా దృష్టిలో వృత్తిపరమైన బాధ్యతారాహిత్యం. దానికి బదులు పరిశోధకులు బెకర్, డిగ్రూట్, మార్షాక్ 1964లో ప్రతిపాదించిన పద్ధతిని వాడవచ్చు. అందులో సమాధానమిచ్చే వ్యక్తి తాను చెల్లించగల గరిష్ఠ ధర చెబుతాడు, ఆ తర్వాత చీటీ తీసి ఒక ధర నిర్ణయిస్తారు, ఆ ధర అతను చెప్పినదానికి మించకపోతే చీటీలో ఉన్న ధరకే నిజంగా డబ్బిచ్చి కొనాలి. తక్కువ చెప్పినా ఎక్కువ చెప్పినా అతనికే నష్టం కాబట్టి నిజం చెప్పడమే లాభం. అయితే ఆ సంగతి అర్థం కావడానికి ముందుగా ఒక చిన్న వస్తువుతో సాధన చేయించడం తప్పనిసరి.

అపోహ: మనిషి మనస్తత్వం ఎక్కడైనా ఒకటే కాబట్టి, రుజువైన సిద్ధాంతాన్ని నేరుగా వాడుకోవచ్చు.

వాస్తవం: రుజువు ఎవరిపై జరిగిందో చూడాలి. పరిశోధకుడు జోసెఫ్ హెన్రిక్, ఆయన సహచరులు 2010లో ఎత్తిచూపినట్టు, ప్రముఖ మనస్తత్వశాస్త్ర పత్రికల్లో వచ్చిన అధ్యయనాల్లో పాల్గొన్నవారిలో 96 శాతం పాశ్చాత్య పారిశ్రామిక దేశాలవారు, ప్రపంచ జనాభాలో ఆ దేశాల వాటా సుమారు 12 శాతం. జాతీయ సంస్కృతులను పోల్చడానికి విరివిగా వాడే హోఫ్‌స్టీడ్ కొలమానాలు కూడా 1967-73 మధ్య ఐబీఎం ఉద్యోగుల నుంచి సేకరించిన జవాబులతో మొదలైనవే. ఒక దేశానికి వచ్చిన సగటు అంకెను ఆ దేశంలోని ఒక్కో కొనుగోలుదారుకు అంటగట్టడం గణాంకశాస్త్రం ప్రకారమే తప్పు.

అపోహ: డిజిటల్ లావాదేవీల సమాచారం దొరుకుతోంది కాబట్టి ఇక క్షేత్ర పరిశోధన అక్కర్లేదు.

వాస్తవం: ఖాతా ఉండటం వేరు, వాడటం వేరు. ప్రజలకు ఆర్థిక సేవలు ఎంతవరకు అందుతున్నాయో కొలిచే ప్రపంచ బ్యాంకు 2021 ఫిండెక్స్ సర్వే ప్రకారం భారతదేశంలో వయోజనుల్లో 78 శాతం మందికి ఖాతా ఉండగా, ఖాతాదారుల్లో 35 శాతం మంది ఏడాదిలో ఒక్కసారి కూడా దాన్ని వాడలేదు. ఒకే ఫోన్‌ను ఇంట్లో ముగ్గురు వాడితే, వారి అభిరుచులన్నీ ఒకే వ్యక్తివిగా నమోదవుతాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018 అంచనా ప్రకారం ప్రపంచంలో పనిచేస్తున్నవారిలో 61 శాతం అసంఘటిత ఉపాధిలోనే ఉన్నారు, వారి ఆదాయ వ్యయాల్లో పెద్ద భాగం ఏ సర్వర్‌లోకీ చేరదు. చిన్న వ్యాపారి అప్పు మీద ఇచ్చిన సరుకు, అడిగిన బ్రాండు లేకపోతే ఆయన చేతికిచ్చిన మరో బ్రాండు, డబ్బు చాలక వెనక్కి పెట్టించిన వస్తువు లావాదేవీల జాబితాలో కనిపించవు. అందుకే కొనేవారితో పాటు అమ్మేవారిని కూడా నమూనాలో చేర్చాలని, వారి అప్పు పద్దులను అనుమతితో, పేర్లు తొలగించి పరిశీలించాలని నేను ప్రతి అధ్యయన ప్రణాళికలోనూ కోరుతుంటాను.