సైన్స్ ఉందిగా, అదే చూసుకుంటుందా? పరిశోధనపై అపోహలు - వాస్తవాలు

ప్రోటీన్ల నిర్మాణం మీద పరిశోధన చేస్తానని చెప్పగానే అందరూ అడిగేవి రెండే ప్రశ్నలు: దేనికి పనికొస్తుంది, ఎప్పటికి అయిపోతుంది? అడగడంలో తప్పేం లేదు. వాతావరణ మార్పు, కొత్త రోగాలు, మందులకు లొంగని బ్యాక్టీరియా... ముందున్నవన్నీ పెద్ద సమస్యలే. కాకపోతే ఆ ప్రశ్నల వెనక కొన్ని గట్టి నమ్మకాలు ఉంటాయి.

అపోహ: సమస్య వచ్చాక శాస్త్రవేత్తలు కూర్చుని పరిష్కారం కనిపెడతారు.

కోవిడ్ వ్యాక్సిన్‌తో ఈ నమ్మకం బాగా బలపడింది. 2020 జనవరిలో వైరస్ జన్యుక్రమం బయటికొచ్చింది, డిసెంబర్ మొదట్లోనే బ్రిటన్‌లో వ్యాక్సిన్‌కు అనుమతి దొరికింది. చూసేవాళ్లకు అది పదకొండు నెలల పని. అసలు పని అంతకుముందెప్పుడో జరిగింది. ఈ వ్యాక్సిన్‌లో ఉండేది ఎంఆర్‌ఎన్‌ఏ, అంటే ఏ ప్రోటీన్ తయారుచేయాలో కణానికి చెప్పే అణువు. ల్యాబ్‌లో తయారైన ఎంఆర్‌ఎన్‌ఏను శరీరంలోకి పంపితే రోగనిరోధక వ్యవస్థ దాని మీద విరుచుకుపడేది. అందులోని ఒక రసాయన భాగాన్ని కొద్దిగా మారిస్తే ఆ గొడవ తగ్గుతుందని శాస్త్రవేత్తలు కేటలిన్ కారికో, డ్రూ వైస్‌మన్ 2005లో చూపించారు. అంతకు పదేళ్ల ముందే, గ్రాంట్లు రావడం లేదని 1995లో యూనివర్సిటీ కారికో హోదా తగ్గించింది. ఆవిడ పని మానలేదు. నోబెల్ 2023లో వచ్చింది.

ఇందులో మా రంగం వాటా గురించి పెద్దగా ఎవరికీ తెలియదు. కరోనా వైరస్‌ల పైన ముళ్లలా ఉండే స్పైక్ ప్రోటీన్ నిలకడగా ఉండదు, కణంలోకి చొరబడేటప్పుడు ఆకారం మార్చేస్తుంది. మనకు కావాల్సింది మారకముందున్న ఆకారాన్ని గుర్తుపట్టే యాంటీబాడీలు. ప్రోలీన్ అనే అమైనో ఆమ్లాన్ని పక్కపక్కనే రెండు చోట్ల పెడితే స్పైక్ ఆ ఆకారంలోనే బిగుసుకుపోతుందని 2017లో ఒక పేపర్ వచ్చింది. అది 2012లో బయటపడ్డ మెర్స్ అనే మరో కరోనా వైరస్ మీద చేసిన పని. కొత్త వైరస్ రాగానే అదే కిటుకు వాడారు. 'మెర్స్ ప్రపంచమంతా పాకలేదు కదా, ఇంకెందుకు' అని మధ్యలో ఆపేసి ఉంటే 2020లో అది చేతిలో ఉండేది కాదు.

అపోహ: ఉపయోగపడే పరిశోధనకే డబ్బివ్వాలి.

వినడానికి బాగుంటుంది. ఏది ఉపయోగపడుతుందో ముందే ఎవరికి తెలుసు? గ్రాంట్ దరఖాస్తులో సమాజానికి దీనివల్ల ప్రయోజనం ఏమిటని అడుగుతారు. నిజాయతీగా రాయాలంటే చాలాసార్లు 'ఇంకా తెలియదు' అనాలి. అలా రాస్తే డబ్బు రాదు కాబట్టి ఏదో ఒక రోగం పేరు దాంట్లో ఇరికిస్తాం.

స్పెయిన్‌కు చెందిన ఫ్రాన్సిస్కో మోజికా ఉప్పునీళ్లలో బతికే సూక్ష్మజీవుల డీఎన్‌ఏలో ఒకే వరుస మళ్లీ మళ్లీ రావడం గమనించి 1993లో ప్రచురించారు. ఆ వరుసలు ఎందుకున్నాయో తేల్చడానికి ఏళ్లు పట్టింది. వైరస్‌ల నుంచి తమను కాపాడుకోవడానికి ఆ జీవులు వాడే ఏర్పాటు అది. 2012లో దాన్నే డీఎన్‌ఏను కోరినచోట కత్తిరించే సాధనంగా మలిచారు, దాని పేరే క్రిస్పర్. 2023 నవంబర్‌లో సికిల్ సెల్ వ్యాధికి క్రిస్పర్ చికిత్సను బ్రిటన్ ఆమోదించింది. మధ్యలో గడిచింది 30 ఏళ్లు.

అయితే ఒక మాట. ఇలాంటి కథలు చెప్పేటప్పుడు మావాళ్లు గెలిచినవే ఏరి చెబుతారు. కుతూహలం కొద్దీ చేసిన చాలా పనుల్లోంచి ఏ మందూ రాదు, ఏ యంత్రమూ రాదు. డబ్బు పరిమితమే కాబట్టి అవసరం స్పష్టంగా ఉన్నవాటికి ఎక్కువ ఇవ్వండి, నాకు అభ్యంతరం లేదు. ఎటు పోతుందో తెలియని పనులకు ఇచ్చే ఆ కొంచెం కూడా తీసేస్తేనే ఇబ్బంది.

అపోహ: సైన్స్ ఉందిగా, అదే చూసుకుంటుంది.

అప్పట్లో ఫ్రిజ్‌లలో, స్ప్రేలలో వాడిన సీఎఫ్‌సీ రసాయనాలు ఓజోన్ పొరను దెబ్బతీస్తాయని శాస్త్రవేత్తలు మొలీనా, రోలండ్ 1974లో హెచ్చరించారు. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ బాగా తగ్గిపోయిందని బయటపడింది. 1987లో వాటి వాడకాన్ని తగ్గించడానికి దేశాల మధ్య మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. ఇప్పుడు ఓజోన్ మెల్లగా కోలుకుంటోంది, అంటార్కిటికా మీద 1980 నాటి స్థాయికి రావడానికి సుమారు 2066 వరకు పడుతుందని అంచనా. ఇక్కడ సైన్స్ రోగం ఏమిటో చెప్పింది, మందు వేసింది ప్రభుత్వాలు. కార్బన్ డైఆక్సైడ్ పెరిగితే భూమి వేడెక్కుతుందని స్వీడన్ శాస్త్రవేత్త అర్హీనియస్ 1896లోనే లెక్క వేశాడు. అక్కడ తెలియక ఆగిపోయిందేమీ లేదు. సీఎఫ్‌సీలు తయారుచేసేవి కొన్ని కంపెనీలు, వాటికి ప్రత్యామ్నాయాలూ దొరికాయి. బొగ్గు, చమురు అలా కాదు, వాటి మీద మొత్తం ఆర్థిక వ్యవస్థే నిలబడింది.

అపోహ: ఫ్యూజన్ సాధించేశారు, ఇక కరెంటుకు కొదవ లేదు.

ఫ్యూజన్ అంటే తేలికైన పరమాణు కేంద్రకాలను కలిపి శక్తి రాబట్టడం, సూర్యుడిలో జరిగేదే. 2022 డిసెంబర్‌లో అమెరికాలోని నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీలో 2.05 మెగాజౌళ్ల లేజర్ శక్తి పంపితే 3.15 మెగాజౌళ్లు వచ్చాయి. నిజంగా గొప్ప విషయమే. కానీ ఆ లేజర్లను నడపడానికి గ్రిడ్ నుంచి సుమారు 300 మెగాజౌళ్లు తీసుకున్నారు. ఆ సంగతి హెడ్‌లైన్లలో ఉండదు.

అపోహ: ఏఐ వచ్చింది, ల్యాబులతో పని లేదు.

నాకు బాగా దగ్గరి విషయం ఇది. ప్రోటీన్ ఆకారాన్ని అంచనా వేసే ఏఐ ప్రోగ్రామ్ ఆల్ఫాఫోల్డ్ 2020లో చేసి చూపించింది మామూలు విషయం కాదు, నేనూ తరచూ వాడతాను, బోలెడు టైమ్ కలిసొస్తుంది. కానీ అది నేర్చుకున్నది దేని నుంచి? 1971లో ఏడే ఏడు నిర్మాణాలతో మొదలైన ప్రోటీన్ డేటా బ్యాంక్ నుంచి. ఆల్ఫాఫోల్డ్‌కు శిక్షణ ఇచ్చే నాటికి అందులో లక్షన్నరకు పైగా నిర్మాణాలు ఉన్నాయి. అవన్నీ ల్యాబుల్లో ఎవరో ఒకరు కష్టపడి తేల్చినవే, కొన్నింటికి ఏళ్లు పట్టింది. ఇక ఆ ఆకారాన్ని బట్టి డిజైన్ చేసిన మందు మనిషి ఒంట్లో ఏం చేస్తుందో క్లినికల్ ట్రయల్స్‌లోనే తేలాలి. ట్రయల్స్ దాకా వచ్చిన పది మందుల్లో సుమారు ఒక్కదానికే చివరికి అనుమతి వస్తుంది.